బి-17లో ఎంతమంది?

గ్యాసు తాగి పడిపోవడంలో పోశమ్మను మించినవాళ్ళు ఆ కాలనీలో లేరు.

మిగతా పిల్లలు పడితే మామిడికాయ రాలినట్టు పడేవాళ్ళు. పోశమ్మ అలా కాదు. ముందు దగ్గేది. తర్వాత గొంతు పట్టుకునేది. రెండడుగులు ముందుకు, ఒకటి పక్కకు తూలేది. ఆకాశం వైపు ఒకసారి దీనంగా చూసి, అప్పుడు కూలేది. స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే ఎడమ చెయ్యి కిందికి వేలాడేది. ఆ వేలాడే చెయ్యి చూసి క్యాంటీన్‌లో రొట్టెలు చేసే ముసలామె ఒకసారి నిజంగానే ఏడ్చింది.

అది 1995. జిన్నారం రోడ్డు మీద ఒక మందుల కంపెనీ. కంపెనీ గేటు లోపలే వర్కర్ల క్వార్టర్లు. మూడు నెలలకోసారి అక్కడ మాక్ డ్రిల్ జరిగేది. నిజంగా గ్యాసు లీకైతే ఏం చెయ్యాలో ముందే నేర్పించడానికి ఒక ఉత్తుత్తి గ్యాసు లీకు. సైరన్ ఆగి ఆగి కూస్తే ప్రమాదం. ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని గ్రౌండుకు ఉరకాలి. క్వార్టర్ నంబరు రాసిన కర్ర వెనక వరసగా నిలబడాలి. ఇంటిపెద్ద ఎంతమందికి ఎంతమంది వచ్చారో లెక్క చెప్పాలి. అన్ని ఇళ్ళ లెక్కా సరిపోతే సైరన్ ఒకే ఒక్క పొడుగు కూత కూస్తుంది. అది ఆల్ క్లియర్. ఆ కూత పడేదాకా గేటు తెరవరు.

అందరికంటే ముందు వరస కట్టి లెక్క అప్పజెప్పిన ఇంటికి బహుమతి. కిందటిసారి స్టీలు బకెట్. ఈసారి అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్.

పోశమ్మ పేషెంటు కావడం వెనక ఒక చిన్న కథ ఉంది. ఏడాది కింద మొదటి డ్రిల్‌లో సేఫ్టీ ఆఫీసరు లిస్టు పట్టుకుని వచ్చాడు. ఆయన మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి కాలనీ పిల్లలు ఆయనకు ఈలసారు అని పేరు పెట్టారు.

"బి-17. సత్యానందం, భార్య సువార్తమ్మ, కొడుకు అబ్రహాము. ముగ్గురు," అని చదివి ఆయన తలెత్తాడు. నలుగురున్నారు. "ఈ అమ్మాయి ఎవరయ్యా?"

"సంగారెడ్డి పిల్లల హోం నుంచి తెచ్చి సాదుతున్నం సార్," అన్నాడు సత్యానందం. "పోశమ్మ. పదేండ్లు."

"లిస్టులో లేదే! లెక్కంతా తప్పిపోతుంది." ఈలసారు ఒక్క క్షణం ఆలోచించాడు. "పోనీలే, పేషెంటుగా పడుకోబెట్టండి. పేషెంట్ల లెక్క వేరు."

అట్లా మొదలైంది. అయిదో డ్రిల్ వచ్చేసరికి పోశమ్మ లేని మాక్ డ్రిల్‌ను ఎవరూ ఊహించలేని స్థితి. పేషెంటుకు ఒక గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ ఇస్తారు. అందులో సగం ఎనిమిదేళ్ళ అబ్రహాముది. అది ఇద్దరి మధ్యా ఒప్పందం.

అంతా బాగానే ఉంది కదా అంటే, లేదు. పక్క క్వార్టర్‌లో లింగం ఉన్నాడు.

బి-18 మొగులమ్మ కొడుకు లింగానికి పన్నెండేళ్ళు. నోరు మాత్రం నలభై ఏళ్ళది. పోశమ్మను సాదుతున్నందుకు హోం వాళ్ళు నెలకు ఒకసారి బియ్యమూ, కొంచెం డబ్బూ పంపుతారని తల్లి నోట విన్నాడు. ఆ రోజు నుంచి వాడికి ఆమె పేరు పోశమ్మ కాదు.

"ఏ కిరాయి పిల్లా! మీ ఓనరు పిలుస్తున్నడే!"

పోశమ్మకు మాటలు తక్కువేం కాదు. "కిరాయి వస్తది నాకు. నిన్ను ఎదురు పైసలిచ్చినా ఎవడన్న వెట్టుకుంటడా?" అనేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె గెలిచేది. గెలిచి ఇంటికి వెళ్ళి, స్నానాల గది తలుపు వేసుకుని, నల్లా తిప్పి, కాసేపటికి ముఖం కడుక్కుని బయటికి వచ్చేది.

ఇంకో పేరు కూడా కనిపెట్టాడు లింగం. రిటర్న్ మాల్. కంపెనీలో మందు బాగాలేదని కొన్నవాళ్ళు తిప్పి పంపిన డ్రమ్ములను అట్లా అంటారు. పోశమ్మను ఇంతకు ముందు సదాశివపేటలో ఒక ఇంట్లో ఉంచారు. మూడు నెలలకే తిప్పి పంపారు. తప్పేమీ చెయ్యలేదు. ఆ ఇంటి అత్తగారికి జాడ తెలియని పిల్ల వంటింట్లో తిరగడం నచ్చలేదు, అంతే. ఈ సంగతి పోశమ్మే, స్నేహం కుదిరిందనుకున్న ఒక మంచి రోజున, లింగానికి చెప్పింది. అప్పటి నుంచి ఎవరికీ ఏమీ చెప్పడం మానేసింది.

సువార్తమ్మ మంచిది. మంచిదంటే మరీ మంచిది. అదే పోశమ్మకు అనుమానంగా ఉండేది.

అబ్రహాము పాలు ఒలకబోస్తే, "నీ చేతులిరగ! దున్నపోతోలె పెరిగినవ్!" అని వీధంతా వినబడేది. పోశమ్మ ఒలకబోస్తే, "పోనీ తియ్యమ్మా, నేను తుడుస్త," అని మెత్తటి గొంతు. అబ్రహాముకు రోజుకు పద్నాలుగు తిట్లు. పోశమ్మ ఒకరోజు కూర్చుని లెక్కపెట్టింది. తనకు? ఏడాది మొత్తం మీద ఒక్కటి కూడా లేదు.

చుట్టాలను తిట్టరు. వెళ్ళిపోయేవాళ్ళను అసలే తిట్టరు.

హోం వాళ్ళు సంతకం పెట్టించుకున్న కాగితంలో 'పిల్లను కొట్టరాదు, తిట్టరాదు' అన్న వాక్యం ఉందనీ, సువార్తమ్మ దాన్ని బైబిలంత భయంగా పాటిస్తోందనీ పోశమ్మకు ఎవరూ చెప్పలేదు.

*

డ్రిల్ శనివారం పదకొండు గంటలకు. అదే రోజు పన్నెండింటికి హోం నుంచి జయశీల మేడం వస్తోంది.

ఏడాది నిండితే మేడం ఒక కాగితం పట్టుకుని వస్తుంది. అందులో ఒకటే ప్రశ్న. పిల్లను ఉంచుకుంటారా, తిప్పి పంపుతారా? సదాశివపేటలో మూడు నెలలకే బయటికి వచ్చిన ఆ కాగితాన్ని పోశమ్మ తలుపు సందులోంచి చూసింది. పెన్ను ఎటు కదులుతుందో కూడా చూసింది.

శుక్రవారం సాయంత్రం ఈలసారు ఆమెను చాటుగా పిలిచాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మాయ్, రేపు హైదరాబాద్ నుంచి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఎప్పుడూ చేసేలా చేస్తే ఏం గొప్ప? రేపు నువ్వు గ్రౌండులో పడవు. క్యాంటీన్ వెనక సిమెంటు పైపు ఉంది చూడు, అందులో పడతావు. ఎవరికీ తెలియకూడదు. మీ ఇంట్లో కూడా."

"తెల్వకుంటే నన్నెట్ల దొరకవట్టుకుంటరు సార్?"

"అదే కదా మజా! అక్కడ లెక్క చెప్పేటప్పుడు మీ వాళ్ళు ఒకరు తక్కువ అంటారు. వెంటనే నా రెస్క్యూ టీమ్ వెతుకులాట మొదలుపెడుతుంది. అయిదు నిమిషాల్లో నిన్ను కనిపెడుతుంది. ఇన్‌స్పెక్టరు గారు అదిరిపోతారు!"

తన లిస్టులో పోశమ్మ పేరే లేదన్న విషయం ఆ మేధావికి ఆ క్షణంలో తట్టలేదు.

పోశమ్మకు కూడా తట్టలేదు. ఆమె తలలో ఒక్క మాటే తిరుగుతోంది. 'మీ వాళ్ళు ఒకరు తక్కువ అంటారు.'

అంటారా?

అంటే పన్నెండింటికి మేడం పెన్ను ఎటు కదులుతుందో ముందే తెలిసిపోయినట్టే.

*

పదకొండు. సైరన్ ఆగి ఆగి కూసింది.

ఆ కూత వేసేది సత్యానందమే. కంపెనీలో బాయిలర్ నడిపేది అతను. సైరన్ బాయిలర్ ఆవిరితోనే కూస్తుంది. గ్రౌండు పక్కనే బాయిలర్ హౌసు. అతను గొలుసు లాగి, మనిషికి మించిన వేగంతో గ్రౌండుకు వచ్చి, సువార్తమ్మ, అబ్రహాముల ముందు నిలబడ్డాడు. బి-18 మొగులమ్మ అప్పుడే తడిగుడ్డ పిండుకుంటూ వస్తోంది.

క్యాంటీన్ వెనక పైపులో పోశమ్మ పొజిషన్ తీసుకుంది. కుడి చెయ్యి గుండెల మీద, ఎడమ చెయ్యి పక్కకు. నాలుక బయట పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు కాబట్టి కొంచెం పెట్టింది. పైపు నోట్లోంచి గ్రౌండు కనిపించదు కానీ మైకు బ్రహ్మాండంగా వినిపిస్తుంది. కాలనీలో ప్రతి స్తంభానికీ ఒక మైకు ఉంది.

"బి-17?" ఈలసారు గొంతు.

పోశమ్మ పైపు నోటి వైపు చెవి పెట్టింది.

"ముగ్గురికి ముగ్గురం సార్!" సత్యానందం గొంతు. ఉత్సాహంగా, క్షణం ఆలస్యం లేకుండా.

చప్పట్లు. "బి-17 ఫస్ట్!"

పోశమ్మ నాలుక లోపలికి పోయింది.

ఇప్పుడు ఆపుతారు, అనుకుంది. ఇప్పుడు సువార్తమ్మ ఆంటీ అంటుంది, ఆగుండ్రి, పోశమ్మ ఏదీ అని. బి-18 లెక్క వచ్చింది. బి-19 వచ్చింది. సి లైను మొత్తం వచ్చింది. చివరికి ఎవరిదో కొత్త గొంతు, ఇన్‌స్పెక్టరుది కావాలి, ఇంగ్లీషు తెలుగు కలిపి మెచ్చుకుంది. "ఆరు నిమిషాల నలభై సెకన్లు. హండ్రెడ్ పర్సెంట్ కౌంట్. ఎక్సలెంట్!"

నూటికి నూరు. తను లేకుండా నూటికి నూరు.

ఆమె ఏడవలేదు. పైపులో నల్లా లేదు కదా. లేచి, గౌను దులుపుకుంది. సదాశివపేటలో బట్టలు వాళ్ళు సర్ది ఇచ్చారు, వాళ్ళే బస్సెక్కించారు. ఈసారి ఎవరికీ ఆ శ్రమ ఎందుకు? మేడం రాకముందే తనే సంగారెడ్డి పోతే రిటర్న్ మాల్ అన్న పేరు ఉండదు. తనంతట తాను వచ్చిన మాల్ అవుతుంది.

పైపు రెండో వైపు నుంచి బయటపడి గేటు దారి పట్టింది.

*

గ్రౌండులో ఈలసారు ముఖం చూడదగ్గట్టు ఉంది. పైపులో పిల్ల ఉంది. లెక్కలో పిల్ల లేదు. ఇన్‌స్పెక్టరు చెయ్యి కలుపుతున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే 'హండ్రెడ్ పర్సెంట్' గాలిలో కలిసిపోతుంది. ఆయన నోరు విప్పలేదు. ఆల్ క్లియర్ కూత వినగానే ఆ అమ్మాయే వచ్చేస్తుంది లెమ్మనుకుని కుక్కర్ చేతిలోకి తీసుకున్నాడు.

సత్యానందానికి ఏ అనుమానమూ లేదు. ఏడాదిగా లెక్క చెప్పేటప్పుడు పోశమ్మ కళ్ళ ముందే స్ట్రెచర్ మీద ఉండేది. ముగ్గురికి ముగ్గురం అని నోరు దానంతట అదే అనేది. ఇవాళ కూడా నోరే అంది. కళ్ళు స్ట్రెచర్ వైపు తిరగలేదు.

తిరిగినవి అబ్రహాము కళ్ళు. దేశభక్తి వల్ల కాదు. బిస్కెట్ల వల్ల.

వాడు నేరుగా స్ట్రెచర్ దగ్గరికి పోయి దుప్పటి ఎత్తి చూశాడు. కింద చూశాడు. మోసేవాళ్ళ జేబులు కూడా చూశాడు. తర్వాత గ్రౌండు అదిరేటట్టు అరిచాడు.

"నాయినా! పోశక్క లేదు! బిస్కెట్లు గూడ లేవు!"

సువార్తమ్మ ముక్కు మీంచి తడిగుడ్డ తీసింది. "లేకపోవుడేంది? ఏడాది సంది ఆడనే పంటది గదా!"

"ఇయ్యాల పండలే!"

సత్యానందం అప్పటికే కుక్కర్ అందుకుని ఉన్నాడు. దాన్ని అలాగే తిప్పి ఈలసారు చేతిలో పెట్టాడు. మైకు ఆయన రెండో చేతిలో ఉంది, ఆన్‌లోనే ఉంది. అక్కడి నుంచి జరిగిందంతా కాలనీలో ప్రతి స్తంభం మీదా వినిపించింది.

"సార్, నా లెక్క తప్పు. మేం నలుగురం. ఒకరు తక్కువ."

"ఏమిటయ్యా ఇప్పుడు!" ఈలసారు పళ్ళు కొరుకుతూ నవ్వాడు. "లిస్టులో మీరు ముగ్గురే కదా. లెక్క సరిగ్గానే ఉంది."

"అయితే లిస్టు తప్పు."

"ఆ అమ్మాయి మీ అమ్మాయి కాదు కదయ్యా, రూలు ప్రకారం..."

"ఎట్ల కాదు?"

ఈ ప్రశ్న సత్యానందం వేయలేదు. మొగులమ్మ వేసింది. బి-18 రెండో స్థానంలో ఉంది. బి-17 లెక్క తప్పితే కుక్కర్ ఎవరిదో లెక్క వేయడానికి ఆమెకు అర క్షణం పట్టింది. కొంగు నడుముకు చెక్కి మైకు ముందుకు వచ్చింది.

"సారూ, నేను సాక్ష్యం! ఏడాది సంది పక్కింట్ల ఉన్న. పొద్దుగాల లేస్తే ఆ పిల్లనే వాళ్ళ వాకిలి ఊడుస్తది. నల్లా కాడ నాతోని బిందె కోసం కొట్లాడింది వాళ్ళ పిల్ల గాకపోతే ఎవల పిల్ల? జరమొస్తే ఈ సువార్తమ్మ నాలుగు దినాలు నిద్ర పోలే! వాళ్ళ పిల్లనే! నూటికి నూరుపాళ్ళు వాళ్ళ పిల్ల! లెక్క తప్పింది, ఫస్టు మాది!"

"అవ్ సార్!" లింగం కూడా గొంతు కలిపాడు. ప్రెషర్ కుక్కర్ కోసం మనిషి ఏమైనా అంటాడు. "పోశి వాళ్ళ ఇంటి పిల్లనే! కావాల్నంటే బడి రిజిస్టర్ల సూడుండ్రి, ఇంటి నంబరు బి-17 అనే ఉన్నది!"

సత్యానందం మొగులమ్మ వైపు చేతులు జోడించాడు. జీవితంలో మొదటిసారి.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "డ్రిల్ అయిందా? కాలేదా?"

"అయింది సార్, అయింది!" ఈలసారు తొందరపడ్డాడు. "సత్యానందం, వెళ్ళి ఆల్ క్లియర్ కొట్టు. ఆ అమ్మాయి ఎక్కడుందో నాకు తెలుసు, క్యాంటీన్ వెనక పైపులో ఉంది, నేనే పడుకోమన్నాను."

నలుగురు పైపు దగ్గరికి ఉరికారు. పైపులో ఒక చెప్పు ఉంది. ఎడమ కాలిది.

అప్పటి వరకూ అది ఉత్తుత్తి డ్రిల్. ఆ చెప్పు గ్రౌండుకు చేరగానే సువార్తమ్మ దాన్ని లాక్కుని గుండెలకు అదుముకుంది. ఎవరూ నవ్వలేదు.

సత్యానందం బాయిలర్ హౌసుకు వెళ్ళాడు. గొలుసు లాగడానికి కాదు. తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూత వెయ్యను సార్. లెక్క పూర్తి కాందే ఆల్ క్లియర్ వెయ్యొద్దని మీరే రాసిచ్చిన్రు. గోడకు ఉన్నది, సూడుండ్రి."

"అయితే నేనే లాగుతాను, జరుగు!"

"బాయిలర్ సర్టిఫికెట్ లేనోళ్ళు లోపటికి రావొద్దని గూడ ఉన్నది. అది గూడ మీరే పెట్టిచ్చిన్రు."

*

గేటు దగ్గర వాచ్‌మెన్ యాదన్న స్టూలు మీద కూర్చుని, తంబాకు నలుపుకుంటూ, స్తంభం మీది మైకు వింటున్నాడు. ఒక కాలికి చెప్పు లేని పిల్ల వచ్చి ముందు నిలబడింది. పెద్ద గేటు ఆమెకు బాగా తెలుసు గానీ, ఈ డ్యూటీ మనిషికి ఆమె ముఖం కొత్త.

"ఎటు పోతవ్ బిడ్డా?"

"సంగారెడ్డి. గేటు తియ్ తాతా."

"పొడుగు కూత వడ్డదా?"

"పడలే."

"మరెట్ల తీస్త? కూత వడందే చీమను గూడ పోనియ్య. కిందటిసారి మా ఇంటామె సద్ది తెస్తే గామెనే నిలవెట్టిన. రాత్రి నాకు బువ్వ వెయ్యలే. అయినా రూలంటే రూలు. కూసో. మైకుల మస్తు మజా వస్తుంది."

పోశమ్మ కూర్చుంది. మైకులో 'మేం నలుగురం. ఒకరు తక్కువ' అన్న మాట వచ్చింది అప్పుడే.

"ఎవల పిల్లనో తప్పిపోయింది," అన్నాడు యాదన్న తంబాకు పెదవి కింద సర్దుకుంటూ.

"వాళ్ళ పిల్ల కాదు తాతా. సాదుకుంటున్నరు అంతే."

"మరెందుకు గంతగనం ఒర్రుతున్నరు?"

మైకులో మొగులమ్మ మొదలైంది. నల్లా, బిందె, జ్వరం, నాలుగు దినాలు. నిద్ర పోలేదన్న సంగతి పోశమ్మకు ఇప్పుడే తెలిసింది. జ్వరంలో కళ్ళు తెరిచినప్పుడల్లా ఆంటీ కనిపిస్తే, అది ప్రతిసారీ కొత్తగా వచ్చి చూసిపోవడం అనుకుంది. లింగంగాడి గొంతు వినేసరికి మాత్రం ఆగలేకపోయింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి. అవి నవ్వు వల్ల వచ్చినవే అని ఆమె అనుకుంది.

తర్వాత మైకులో అందరూ ఒకేసారి పిలవడం మొదలుపెట్టారు. "పోశమ్మా! ఓ పోశమ్మా!" బి లైను పిలిచింది. సి లైను పిలిచింది. రొట్టెలు చేసే ముసలామె పిలిచింది. కిరాయి పిల్లా అని ఒక్కరూ అనలేదు.

అర గంట గడిచింది. గేటు ముందు ఇన్‌స్పెక్టరు తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. యాదన్న స్టూలు మీద నుంచి లేవకుండానే చెయ్యి అడ్డంగా ఊపాడు. దాని వెనక షిఫ్టు బస్సు. దాని వెనక మందు డబ్బాల లారీ. లారీ డ్రైవరు హిందీలో అడిగాడు, ఎంతసేపని. యాదన్న కూడా హిందీలోనే చెప్పాడు, ఆ పోరి దొరికేదాకా అని.

సరిగ్గా పన్నెండింటికి గేటు అవతల, గొడుగు వేసుకుని, సంచీ తగిలించుకుని జయశీల మేడం నిలబడింది. ఇనుప చువ్వల్లోంచి లోపలికి చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏంది పోశమ్మా, గేటెందుకు మూసిన్రు?"

"ఒక మనిషి తప్పిపోయింది మేడం. దొరికేదాక తియ్యరంట."

"అయ్యో! ఎవరు?"

పోశమ్మ వెనక్కి తిరిగి చూసింది. అంబాసిడర్, బస్సు, లారీ. మైకులో సత్యానందం గొంతు, అలిసిపోయి, మొండిగా, "వెయ్యను సార్. నా పిల్ల రాందే వెయ్యను" అంటోంది.

"నేనే మేడం," అంది.

యాదన్న తంబాకు ఉమ్మేశాడు. "నువ్వేనా? గంట సేపు నా పక్కన కూసోని నాతోనే కథ వింటున్నవా? ఉరుకు! ఉరుకు బిడ్డా, నాకు గూడ ఆకలైతుంది!"

పోశమ్మ ఉరికింది. ఒంటి చెప్పుతో, లారీ పక్క నుంచి, బస్సు పక్క నుంచి. బస్సు కిటికీల్లోంచి రెండో షిఫ్టు మొత్తం తలలు బయట పెట్టి అరిచింది.

*

గ్రౌండులో స్ట్రెచర్ ఖాళీగా ఉంది. అలవాటుగా ఆమె కాళ్ళు అటే తిరిగాయి.

"అటు కాదు," అన్నాడు సత్యానందం బాయిలర్ హౌసు ముందు నుంచి. "లైన్ల నిలవడు."

బి-17 కర్ర వెనక సువార్తమ్మ, అబ్రహాము. పోశమ్మ పోయి అబ్రహాము వెనక నిలబడింది. సువార్తమ్మ వెనక్కి తిరిగింది. చేతిలో చెప్పు అలాగే ఉంది. పక్కనే ఈలసారు, ఆయన చేతిలో మైకు, మైకు ఆన్‌లో.

"ఏడ సచ్చినవే?" సువార్తమ్మ గొంతు తొమ్మిది స్తంభాల మీద ఒకేసారి పేలింది. "బుద్ధున్నదా నీకు? గాడిదోలె పెరిగినవ్, ఇంత తెల్వదా? ఎవడో పైపుల పండుమంటె పంటవా? రేపు బాయిల పండుమంటె పంటవా? నా పానం పోయింది గదనే! ఇంటికి రా, నీ కాళ్ళిరగ్గొడ్త!"

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. పోశమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ఆరోది చెవి మెలేయడంతో కలిపి వచ్చింది. అబ్రహాము ఒక రోజులో తినే తిట్లలో దాదాపు సగం, ఒక్క నిమిషంలో.

"నవ్వుతున్నవా? నవ్వుతున్నవా ఇంకా?" అని సువార్తమ్మ చెవి వదిలి, తడిగుడ్డతో ఆమె ముఖం, మెడ, చేతులు గరగర తుడిచి, ఆ గుడ్డతోనే తన కళ్ళు కూడా తుడుచుకుంది.

సత్యానందం వచ్చి అందరికంటే ముందు నిలబడ్డాడు.

"బి-17?" అన్నాడు ఈలసారు నీరసంగా.

సత్యానందం తొందరపడలేదు. వెనక్కి తిరిగి, వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ, తనను కూడా కలుపుకుని లెక్కపెట్టాడు.

"నలుగురికి నలుగురం."

అంత పొడుగు కూత ఆ సైరన్ మళ్ళీ ఎప్పుడూ కూయలేదు. గొలుసు తను లాగుతానని పోశమ్మ వెంట పడింది. బాయిలర్ సర్టిఫికెట్ లేదని సత్యానందం తలుపు దగ్గరే ఆపేశాడు.

గేటు తెరిచాక జయశీల మేడం గ్రౌండుకు వచ్చింది. ఆమెను చూడగానే సువార్తమ్మ ఎదురు ఉరికింది.

"మేడం, ఎన్నడు ఒక్క మాట అనలే... ఇయ్యాలనే, పరేషాన్ల నోరు జారింది. కాగితం మీద ఉన్నది నాకు యాదికున్నది..."

"విన్న. గేటు దాక వినొచ్చింది," అంది మేడం. సంచీలోంచి కాగితం తీసింది. "మిమ్మల్నేం అడగను. పోశమ్మా, నిన్నే అడుగుత. ఉంటవా?"

"పోదామనే అనుకున్న మేడం," అంది పోశమ్మ చెవి రుద్దుకుంటూ. "గేటు తియ్యలే."

మేడం పెన్ను కదిలింది. ఎటు కదిలిందో ఈసారి పోశమ్మ తలుపు సందులోంచి చూడలేదు. పక్కనే నిలబడి, మేడం మోచేతి మీద గడ్డం ఆనించి చూసింది.

*

డ్రిల్ సమయం గంటా పన్నెండు నిమిషాలుగా నమోదైంది. ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టును ఈలసారు ఎవరికీ చూపించలేదు. కానీ మర్నాడే లిస్టు తెచ్చి, బి-17 దగ్గర నాలుగో పేరు పెన్నుతో రాశాడు. కుక్కర్ మొగులమ్మకే పోయింది. ఆదివారం దాంట్లో మొదటిసారి పప్పు వండి ఒక గిన్నె గోడ మీద నుంచి అందించింది. "మీ పిల్లకు పెట్టు" అని అందో, "ఆ పిల్లకు పెట్టు" అని అందో సువార్తమ్మ సరిగ్గా వినలేదు. పప్పు మాత్రం బాగుంది.

లింగం కిరాయి పిల్ల అనడం పూర్తిగా మానలేదు. కానీ అన్నప్పుడల్లా పోశమ్మ రెండు చేతులూ నోటి దగ్గర మైకులా పెట్టుకుని, "వాళ్ళ ఇంటి పిల్లనే సార్! రిజిస్టర్ల సూడుండ్రి!" అని వాడి గొంతుతోనే అరిచేది. వాడు ఇంట్లోకి పారిపోయేవాడు. ఆమె స్నానాల గదిలోకి పోవాల్సిన పని పడేది కాదు.

మూడు నెలలకు మళ్ళీ డ్రిల్. బహుమతి ఇస్త్రీ పెట్టె. పేషెంటు లింగం.

వాడంత చెత్త పేషెంటును కంపెనీ చరిత్రలో చూడలేదు. స్ట్రెచర్ ఎక్కుతూనే కిసకిస నవ్వడం మొదలుపెట్టాడు. చెయ్యి వేలాడలేదు సరికదా, ఆ చేత్తో ఈగలు తోలుకున్నాడు. బి-17 లైనులో పోశమ్మ కొంచెంసేపు ఓర్చుకుంది. ఇంకొంచెంసేపు ఓర్చుకుంది. తర్వాత స్ట్రెచర్ వైపు ఉరికింది.

"గట్లనా గ్యాసు తాగేది? ముందుగాల దగ్గురా! మెడ వాల్చు! చెయ్యి, చెయ్యి కిందికియ్!"

సరిగ్గా అప్పుడే ఈలసారు పిలిచాడు. "బి-17?"

ఒక్క క్షణంలో చెప్తే ఇస్త్రీ పెట్టె వాళ్ళదే. సువార్తమ్మ పాత పెట్టె తీగ తెగి నెలైంది. సత్యానందం వెనక్కి తిరిగాడు. లెక్కపెట్టాడు.

"ఒకరు తక్కువ సార్," అన్నాడు. "జెర ఆగుండ్రి, వస్తది."